ఎర్రబడితే చాలు

ఒక్కసారి చూసి మూసేద్దామనుకుంది. ఒక్క చూపు, అంతే, ఎక్కువేం లేదు. నిజానికి ఆ ఒక్కటి కూడా అక్కర్లేదు, కెమెరా దాని పని అది చేసుకుంటోంది, ఎంతసేపటికోసారి రెప్ప తెరవాలో, తెరిచిన రెప్ప ఎంతలో మూసెయ్యాలో దానికి ముందే చెప్పి పెట్టారు, తీసిన బొమ్మలన్నిటినీ కంప్యూటరు లెక్కగట్టి ఇంకో గంటలో ఫలితం తెర మీద పడేస్తుంది, అప్పటిదాకా పక్కగదిలో కూర్చుని టీ తాగుతూ, అక్కడ లేనివాళ్ళను ఆడిపోసుకుంటూ కాలక్షేపం చెయ్యవచ్చు. అందరూ చేసేది అదే. ఇన్నేళ్ళూ ఆమె చేసింది కూడా అదే, ఎందుకంటే అవి ఎవరెవరివో కణాలు, గొట్టాల మీద అంకెలే తప్ప పేర్లుండవు, వాటి కోసం గుండెలు బాదుకోవలసిన పని లేదు. ఈరోజు చిప్పులో ఉన్నవి తమ్ముడివి. తోడబుట్టినవాడి కణాలను గాజుపలక మీద పెట్టి, వాటి మీదుగా మందు పారించి, పక్కగదిలో టీ చప్పరించే నిబ్బరం ఆమెకు లేదు, రమ్మన్నా రాదు. అందుకే నల్లతెర తొలగించుకుని చీకటిగదిలోకి వచ్చింది, స్పాంజి బయటికి తన్నుకొచ్చిన ఎత్తు కుర్చీ మీద కూర్చుంది, షట్టరు మీట చేత్తో పైకి నొక్కి మైక్రోస్కోపు గొట్టాలకు కళ్ళు ఆనించింది. నీలి వెలుగు కిందికి దిగింది. చీకట్లో ఆకుపచ్చ చుక్కలు వెలిగాయి.

చిప్పు అంటే పెద్ద వస్తువేం కాదు, బొటనవేలి గోరంత. రబ్బరు లాంటి పారదర్శకమైన ముక్క, దాని లోపల వెంట్రుక కంటే సన్నటి కాలువలు రెండు పక్కపక్కనే, కాలువల పొడుగునా చిన్న చిన్న గదులు, గదికొక కణం. పై కాలువలో నిన్నటి నుంచి మందు పారుతోంది, కింది కాలువలో మందు లేని ఉత్త ఆహారద్రవం పారుతోంది, రెంటినీ పోల్చి చూడాలి కాబట్టి. రెంటిలోనూ రంగు కలిపారు. నీలి వెలుగు పడినప్పుడు బతికున్న కణం ఆకుపచ్చగా వెలుగుతుంది, చచ్చిన కణం పొర చిరిగి లోపలికి రంగు దూరి ఎర్రగా వెలుగుతుంది. లోకమంతా ఎర్రదీపం చూస్తే బెదురుతుంది, ఆమె మాత్రం ఎరుపు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది. ఇవి తమ్ముడి ఎముకల్లో పుట్టి తమ్ముణ్ణే తినేస్తున్న కణాలు మరి. పై వరుస ఎర్రబడితే మందు వీటిని చంపుతున్నట్టు, సాయంత్రం డాక్టరు వాడికి ఆ మందు ఎక్కించడం మొదలుపెడతాడు. ఎర్రబడకపోతే ఇంటికి తీసుకెళ్ళమంటాడు. ఇక మిగిలింది ఇదొక్కటేనని, ఊరికే ప్రయత్నించి చూద్దాం అనడానికి ఇది అలాంటి మందు కాదని, పనిచెయ్యకపోతే ఉన్న నాలుగు రోజులు కూడా వాంతుల్లోనే గడిచిపోతాయని ఆ పెద్దమనిషి ముక్కుసూటిగా చెప్పాడు, చెప్పి ఆమె వైపే చూశాడు, మీ చిప్పు ఏమంటే అదే చేద్దామమ్మా అన్నాడు. వార్డు కిటికీ దగ్గర నిలబడి ఆమె తల ఊపింది. తల ఊపడం ఎంత తేలిక.

పై వరుసలో అన్నీ ఆకుపచ్చే. ఒక్కటంటే ఒక్కటి ఎర్రబడలేదు. గుండ్రంగా, నున్నగా, కడుపు నిండిన పిల్లల్లా ఎవరి గదిలో వాళ్ళు హాయిగా కూర్చున్నారు. ఎర్రబడవే తల్లీ, అంది ఆమె పైకే, ఒక్కదాన్ని పట్టుకుని, ఎడమ చివర నుంచి మూడో గదిలో ఉన్న బొద్దు కణాన్ని. ఎర్రబడు, నీకు పుణ్యముంటుంది. నవ్వొచ్చింది, ఎందుకంటే ఇలా బతిమాలడం ఆమెకు కొత్త కాదు, నోరు తెరవరా, ఈ ఒక్కటీ, ఇదే ఆఖరు, దేవుడి తోడు ఇదే ఆఖరు అని గిన్నె పట్టుకుని వాడి వెనక మంచం చుట్టూ తిరిగిన చేతులే ఇవి. వాడు బుగ్గలో దాచుకుని గంటసేపు మింగకుండా కూర్చునేవాడు, మింగావా అంటే మింగానన్నట్టు తల ఊపేవాడు, బుగ్గ మాత్రం అలాగే ఉబ్బి ఉండేది. మొండిఘటం. ఆ మొండితనం ఎముకల్లోకి కూడా దిగిందేమో, ఈ కణాలూ మందును బుగ్గలో పెట్టుకుని మింగామన్నట్టు నటిస్తున్నాయేమో. ఇవీ వాడే కదా. ఎంత కాదనుకున్నా ఇవీ వాడి ఒంట్లోవే, వాడి రక్తం తాగి వాడి వేడికి పెరిగినవే, వీటిని చావండి చావండి అని శాపనార్థాలు పెడుతూ కూర్చున్నది పరాయిదేమీ కాదు, సొంత అక్క. 

అమ్మ నూలు మిల్లులో పనికి వెళ్ళేది. వెళుతూ వెళుతూ గుమ్మంలో ఒక కాలు బయటా ఒక కాలు లోపలా పెట్టి, తమ్ముణ్ణి చూసుకోవే అనేది. చూడు అనే మాటకు చివర ‘కో’ అని చిన్న తోక తగిలిస్తే చాలు, అది తినిపించడం, కడగడం, ఏడిస్తే ఎత్తుకోవడం, పడకుండా పట్టుకోవడం, అన్నీ అయిపోతుంది. ఆ తోక సంగతి ఆమెకు అప్పటికి తెలియదు, అంత వయసు లేదు. అమ్మ చూడమంది, ఆమె చూసింది. గోడకు ఆనుకుని కూర్చుని వాణ్ణి రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండేది, వాడు చీమను నోట్లో పెట్టుకున్నాడు, చూసింది, చెంబు ఒంపుకున్నాడు, చూసింది, మంచం అంచు దాకా పాకాడు, చూసింది, దబ్బున పడ్డాడు. సాయంత్రం అమ్మ వాడి నుదుటి మీద బొప్పి తడిమి, చూసుకోమన్నాను కదే అంటే, చూస్తూనే ఉన్నానమ్మా, పడేదాకా చూశాను అంది. అమ్మ కొట్టబోయి నవ్వేసింది, ఆ కథ ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది, పెద్దయ్యాక వాడు కూడా నేర్చుకుని తన పెళ్ళిలో మైకు లాక్కుని మరీ చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కొత్త పెళ్ళికూతురు ఆమె చెయ్యి పట్టుకుని, ఇకనుంచి నేను చూసుకుంటాలెండి వదినా అంది. పాపం పిల్ల. దానికేం తెలుసు ఏం చూడాల్సి వస్తుందో.

పంపు సన్నగా గురక పెడుతోంది. చల్లగాలి మెడ మీద సూటిగా తగులుతోంది, శాలువా తెచ్చుకోవలసింది, పక్కగది కుర్చీ మీద ఉంది, తీసుకురావాలంటే లేవాలి, లేవాలని లేదు. ఈ గదిలో దీపాలన్నీ అమర్చినాయనకు అసలు పేరు ఏమిటో సగంమందికి తెలియదు, దీపాలాయన అంటారు, ఆయన ఇప్పుడు ఇక్కడ ఉంటే ఇల్లు పీకి పందిరి వేసేవాడు. వెలుగు అంటే ఆయనకు ప్రాణం, కాబట్టే భయం. మీరు చూస్తున్నామనుకుంటారమ్మా, కాలుస్తున్నారు, అనేవాడు, కణాన్ని వెలిగించే వెలుగే కణాన్ని మాడుస్తుంది, రెప్పపాటు పడితే ఫరవాలేదు, దాని మీదే పెట్టి కూర్చుంటే మిట్టమధ్యాహ్నం చంటిపిల్లను ఎండలో పడుకోబెట్టినట్టే అనేవాడు. షట్టరు తెరిచి ఉంటే మోగేలా ఒక గంట కూడా తగిలించాడు. అది పిల్లి ఏడ్చినట్టు ఏడ్చేది, ఎవరో విసిగిపోయి తీగ పీకేశారు, మళ్ళీ ఎవరూ తగిలించలేదు. ఆయన అలిగి కొన్నాళ్ళు ఈ వైపే రాలేదు. మంచివాడే, చాదస్తం ఎక్కువ. తమ్ముడి సంగతి తెలిశాక మాత్రం ఏమీ మాట్లాడకుండా వచ్చి ఈ దీపాన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి వెళ్ళాడు. ఓదార్పు మాటలు చెప్పలేదు, అందుకు ఆమె మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఓదార్చేవాళ్ళతో పడలేక చస్తోంది. ధైర్యంగా ఉండాలి అంటారు, ఎలా ఉండాలో చెప్పరు, చెప్పేసి తమ పనికి తాము వెళ్ళిపోతారు, ఆ ధైర్యమేదో వాళ్ళ దగ్గర మిగిలిపోయి ఉంటే కాస్త ఇచ్చి వెళ్ళకూడదా.

తమ్ముడైతే ఓదార్పులకు ఎగతాళితోనే జవాబు చెబుతాడు. వాడు లిఫ్టులు బాగుచేస్తాడు, చేసేవాడు, చేస్తాడు, ఈ మాట దగ్గర ఆమెకు ఎప్పుడూ నాలుక తడబడుతుంది. ఎముకలోంచి మజ్జ తీసిన మర్నాడు ఈ చిప్పు సంగతంతా వాడికి వివరించింది, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పింది. వాడు శ్రద్ధగా విన్నాడు. విని, "ఓహో, ఒక్కో లిఫ్టులో ఒక్కడే అన్నమాట. ఓవర్‌లోడ్ గొడవ లేదు" అన్నాడు. ఆ తరవాత కాసేపు ఆలోచించి, "ఇన్ని చదువులు చదివి చివరికి నా చేతికి చిప్పే ఇచ్చావు కదే అక్కా!" అన్నాడు. మరదలు నవ్వింది, సెలైను మార్చడానికి వచ్చిన నర్సు నవ్వింది, ఆమె నవ్వలేకపోయింది. వాణ్ణే చూస్తూ కూర్చుంది, మెడ దగ్గర లోతుగా పడిన గుంటను, పచ్చబడిన అరచేతులను, ఇనుపతాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఆ చేతుల మీద ఇప్పుడు కాయలు మెత్తబడి పొరలు పొరలుగా లేచిపోవడాన్ని చూస్తూ కూర్చుంది. వాడు కాసేపు ఓర్చుకున్నాడు. "అక్కా, అలా చూడకే" అన్నాడు, ఈసారి గొంతులో ఎగతాళి లేదు, "రోగం మాటేమో గానీ, నీ చూపులకే సగం చస్తున్నా." ఆమె చప్పున తల తిప్పుకుని కిటికీ వైపు చూసింది, కిటికీలో ఎదుటి గోడ తప్ప ఏమీ లేదు, ఆ గోడనే చాలాసేపు చూసింది.

పోయినసారి కూడా ఇలాగే పరీక్ష చేశారు, కానీ ఈ పద్ధతి కాదు. అప్పుడు కణాలన్నిటినీ ఒకే గిన్నెలో కలగలిపి మందు పోశారు, మొత్తం మీద బాగా తగ్గాయి అన్నారు, మొత్తం మీద అనే మాట విని ఇంటిల్లిపాదీ మిఠాయిలు తిన్నారు. మొత్తం మీద బాగానే ఉంది. ఆ మొత్తంలో ఎక్కడో ఒక మూల, చచ్చినవాళ్ళ మధ్య చచ్చినట్టు పడుకుని ఒక్క కణం బతికిపోయింది, ఒక్కటే అయి ఉండాలి, దానికి తొందర లేదు, గొడవ సద్దుమణిగాక మెల్లగా లేచి రెండైంది, నాలుగైంది, వాడు మళ్ళీ పనికి వెళుతున్నాడు, జుట్టు మొలిచింది, కొత్త దువ్వెన కొనుక్కున్నాడు, అది ఎనిమిదైంది. గుంపును చూస్తే ఒక్కడు కనిపించడు, ఒక్కణ్ణి చూడాలంటే ఒక్కణ్ణే గదిలో పెట్టాలి, ఈ ముక్క ఆమెకు తెలియనిది కాదు, ఆమె వృత్తే అది, సభల్లో నిలబడి చెప్పింది, చప్పట్లు కొట్టించుకుంది. అంతా తెలిసి ఏం లాభం, అప్పటికి ఈ చిప్పు ఒక మనిషి ప్రాణాన్ని దాని మీద పెట్టేంత నమ్మకంగా కుదరలేదు, ఒకసారి గాలి బుడగ అడ్డం పడేది, ఒకసారి కణాలు అన్నీ ఒకే గదిలో ఇరుక్కునేవి. చిప్పు కుదిరేసరికి వాడు ఇలా అయ్యాడు. పగలంతా కూర్చుని కణాలను చూడటం తప్ప తను చేసేది ఏమీ లేదని, ఏనాడూ లేదని, ఇన్నేళ్ళ చదువూ మంచం అంచు దాకా పాకేవాణ్ణి గోడకు ఆనుకుని చూడటమేనని అనిపించింది. కళ్ళు తీసేద్దామనుకుంది. తియ్యలేదు. తీస్తే ఆ కాస్తలోనే ఏదో జరిగిపోతుందని భయం, జరగదని ఇంకా పెద్ద భయం.

జరిగింది. ఎడమ నుంచి మూడో గదిలో, ఇందాక బతిమాలిన ఆ బొద్దు కణం మసకబారింది. ఆకుపచ్చ పలచనైంది, అంచు ఒకచోట ఉబ్బింది, ఆ ఉబ్బులోంచి ఎరుపు మెల్లగా లోపలికి పాకి నిండిపోయింది. ఆమె కన్ను తుడుచుకుని మళ్ళీ చూసింది, ఎర్రగానే ఉంది. దాని పక్కది ఆరిపోయింది, ఎర్రబడింది. దానికి అవతలిది. మధ్యలో ఒకటి అలాగే ఉండిపోతే దాన్ని తిట్టింది, తిట్టు తగిలినట్టు అదీ ఎర్రబడింది. పోతున్నాయి, ఒక్కొక్కటే, గది తరవాత గది, పోతున్నాయి, నా తల్లే, నా బంగారమే, పొండి, అందరూ పొండి, అంటూ రెండు చేతులతో నోరు మూసుకుంది, అయినా కేక బయటికి వచ్చేసింది, చీకటిగదిలో ఆ కేక ఆమెకే వింతగా వినిపించింది. ప్రాణం లేచి వచ్చింది. ఫలితం కంప్యూటరు చెప్పేదాకా ఎవరికీ చెప్పకూడదు, అది నియమం, ఆ నియమం రాసింది కూడా ఆమే. ఫోను తీసి మరదలికి కలిపింది.

"ఎర్రబడుతున్నాయమ్మా" అంది, పలకరింపు కూడా లేకుండా.

"ఎరుపంటే... ఎరుపంటే మంచిదే కదా వదినా?" అవతల గొంతు వణికింది. "మీరు చెప్పారు, నేనే మర్చిపోతుంటాను. ఎరుపంటే మంచిదే కదా?"

"మంచిదేనే పిచ్చిదానా. నా కళ్ళతో చూస్తున్నాను. పోతున్నాయి, వరసపెట్టి పోతున్నాయి."

అవతల ఏదో కింద పడిన చప్పుడు, స్టూలు కాబోలు, ఆ తరవాత ఏడుపు, ఏడుపు మధ్యలో, "ఏవండీ, వదిన చూస్తోందట, ఎర్రగా అవుతున్నాయట" అని మరదలి కేక, దూరంగా వాడి గొంతు, ఏమన్నాడో వినపడలేదు, నవ్వు మాత్రం వినపడింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఆమె ఫోను గుండెలకు నొక్కుకుంది, మళ్ళీ చెవిలో పెట్టుకుని, నువ్వేమైనా తిన్నావా అని మరదల్ని అడిగింది, లేదంటే, ముందు వెళ్ళి తినవే, వాణ్ణి ఇక మనం చాలాకాలం చూసుకోవాలి, ఒంట్లో సత్తువ ఉండాలి అంది. అలాగే వదినా అంది ఆ పిల్ల, చిన్నపిల్లలా. ఆమె ఫోను పెట్టేసి మళ్ళీ గొట్టాల మీదికి వంగింది, ఇక చూడవలసిన అవసరం లేకపోయినా, ఊరికే, సంతోషానికి, పెళ్ళివారు వెళ్ళిపోయాక కూడా పందిట్లో తచ్చాడేవాళ్ళలా. పై వరుస కనిపించినంత మేరా ఎర్రగా ఉంది. మందు ఎక్కిస్తారు, జుట్టు మళ్ళీ ఊడుతుంది, ఊడనీ, ఆ దువ్వెన జాగ్రత్తగా దాచమని చెప్పాలి. లిఫ్టు పనికి మాత్రం కొన్నాళ్ళు వెళ్ళకూడదు, ఆ ఇరుకు గోతిలో దుమ్ము, గాలి ఆడదు, వెళతానని మొండికేస్తాడు, వెయ్యనీ, ఇద్దరం కలిసి తిడతాం. చూపు ఆ ఊపులోనే కిందికి జారింది. కింది వరుసలో ఒకటి ఎర్రగా ఉంది.

ఒకటి ఎక్కడైనా ఉంటుంది. ఊరికే పోయేవి ఉంటాయి, వయసు మీరినవి, గదిలోకి దూరేటప్పుడు గీసుకుపోయినవి. దాని పక్కన ఇంకొకటి ఎర్రగా ఉంది. దాని పక్కన రెండు. కింది వరుసలో మందు లేదు. కింది వరుసలో పారుతున్నది ఉత్త ఆహారం, అక్కడ చావవలసిన కారణమే లేదు. పంపు తారుమారైందా, గొట్టాలు అటువి ఇటు తగిలించిందా, లేదు, తానే తగిలించింది, ఒకటికి రెండుసార్లు సరిచూసింది. ఆమె కళ్ళు ఎత్తింది. కళ్ళెత్తితే గది చీకటిగా ఉండాలి. చీకటిగా లేదు. మైక్రోస్కోపు కింది సందులోంచి నీలి వెలుగు బల్ల మీద పడుతోంది, బల్ల మీద ఆనించిన ఆమె పిడికిలి మీద పడుతోంది, వేలి కణుపులు నీలంగా మెరుస్తున్నాయి, ఇంతసేపూ మెరుస్తూనే ఉన్నాయి. ఒక్కసారి చూసి మూసేద్దామనుకున్న షట్టరు, బుగ్గలో దాచుకున్న ముద్ద దగ్గర, అమ్మ గుమ్మం దగ్గర, వాడి పెళ్ళి మైకు దగ్గర, దీపాలాయన అలక దగ్గర, తెరిచే ఉంది. మీట కిందికి నొక్కింది. ఇప్పుడు చీకటైంది.

చీకట్లో కూర్చుని తెలిసిన సంగతినే మళ్ళీ మళ్ళీ తనకు తాను చెప్పుకుంది. చచ్చినవి వెలుగుకి చచ్చాయి. అంటే మందు పనిచెయ్యలేదని కాదు, మందు పనిచేస్తుందో లేదో ఆ వెలుగు పడిన చోట తెలియదని మాత్రమే. ఇంకా ఆశ ఉంది. ఆ చిన్న ఆశను రెండు చేతులా పట్టుకుంది, ఇంత చదువుకున్నది కాబట్టి ఆశను ఎలా వాదించి నిలబెట్టాలో ఆమెకు బాగా తెలుసు. తాను చూసింది చిప్పులో ఒక మూల మాత్రమే, కాలువలు రెండూ దాని అవతల ఇంకా చాలా పొడుగున్నాయి, అక్కడ కెమెరా రెప్పపాటు వెలుగు తప్ప ఏమీ పడలేదు. చక్రం తిప్పి చిప్పును పక్కకు జరిపింది, వేళ్ళు చల్లబడి పట్టు దొరకలేదు, మళ్ళీ తిప్పింది. షట్టరు తెరిచి, గుండె ఒక్కసారి కొట్టుకునేలోపు మూసేసింది. ఆ ఒక్క క్షణమే చాలు. కంటిలో బొమ్మ నిలిచిపోయింది. ఇందాక తాను చూసినంత మేర గుండ్రంగా, చుట్టతో వాత పెట్టినట్టు, రెండు వరుసలూ కలిపి ఎరుపు. ఆ గుండ్రం దాటిన వెంటనే ఆకుపచ్చ. కింది వరుస ఆకుపచ్చ, పై వరుస ఆకుపచ్చ, నిన్నటి నుంచి మందులో మునిగి తేలుతున్న పై వరుస, ఒక్క గదిలో కూడా మచ్చ లేకుండా, నిన్న ఎలా ఉందో అలాగే, ఆకుపచ్చ. ఇంకొంచెం జరిపి చూసింది, ఆకుపచ్చ. చివరి దాకా జరిపింది, చిప్పు అంచు వచ్చేసింది, దాని తరవాత ఏమీ లేదు.

ఆమెకు ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండునని అనిపించింది, అంతే. కణాలను చంపగలిగింది తన కళ్ళొక్కటే, మందు కాదు, ఆ కళ్ళను తీసుకెళ్ళి వాడి ఎముకల్లో పెట్టడం కుదరదు. చెప్పకుండా ఉంటే అనే మాట ఎక్కడినుంచో వచ్చి పక్కన కూర్చుంది. సాయంత్రందాకా చెప్పకుండా ఉంటే. డాక్టరుకు కంప్యూటరు లెక్క ఎటూ వెళుతుంది, ఆయనే చెబుతాడు, ఆయనకు చెప్పడం అలవాటు, తెల్లకోటు వేసుకున్నందుకు ఆ మాత్రం చెయ్యాలి. తాను నల్లతెర ఇవతల ఇలాగే కూర్చోవచ్చు. కానీ వాడు డాక్టరు నోటి నుంచి వింటాడు, విని ముందు అక్క ముఖం తలుచుకుంటాడు, నా కళ్ళతో చూశాను అన్న అక్కను. తానిచ్చిన సంతోషం తానే వెనక్కి తీసుకోవాలి, ఇంకొకరికి ఒప్పజెప్పకూడదు. ఫోను చేతిలోకి తీసుకుంది, పెట్టేసింది, తీసుకుంది. ఇంతకు ముందు పలకరింపు కూడా లేకుండా చెప్పిన మనిషికి ఇప్పుడు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. కలిపింది. మరదలు తియ్యలేదు. మళ్ళీ కలిపింది. ఈసారి వాడు తీశాడు.

"ఏంటే అక్కా, ఇంకా ఎన్ని చంపావ్?" హుషారుగా ఉన్నాడు, ఆయాసపడుతూనే హుషారుగా. "నీ మరదలు తింటోంది. చెయ్యి ఎంగిలని ఫోను నాకిచ్చింది."

"ఒరేయ్" అంది.

"చెప్పవే."

"నేను పొరబడ్డానురా. అవి మందుకి చావలేదు. లైటు ఆపకుండా చూస్తూ కూర్చున్నాను, ఆ లైటుకి చచ్చాయి."

వాడి ఊపిరి వినిపించింది, వార్డులో ఎవరో దగ్గడం వినిపించింది, గిన్నె మీద గరిటె తగిలిన చప్పుడు వినిపించింది.

"అంటే, లైటు పడని చోట?" అన్నాడు. ఆమె ఇంతకాలం ఎంతో కష్టపడి వివరించినదంతా వాడికి అర్థమైందని అప్పుడు తెలిసింది.

"బతికే ఉన్నాయి."

"అన్నీనా?"

"అన్నీరా. ఒక్కటి కూడా పోలేదు."

"ఊఁ" అన్నాడు. ఆ తరవాత గొంతు బాగా తగ్గించాడు, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని ఉంటాడు, ఊపిరి చెవిలో కొట్టింది. "అక్కా, డాక్టరుకి నువ్వు చెప్పు. తనకి నేను చెప్తాలే. ఇప్పుడు కాదు."

"నేనే వచ్చి చెప్తానురా, నా తప్పు కదా."

"ఇప్పుడు కాదంటున్నాగా. తింటోంది. మంచానికి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని తింటోందే. ఎన్నాళ్ళయిందో ఇలా తిని. తిననీ."

ఆమె క్షమించరా అందామనుకుంది, ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు, వాళ్ళిద్దరి మధ్య అలాంటి మాటలు లేవు, తిట్లే ఉన్నాయి. వెనకనుంచి మరదలి గొంతు వినిపించింది, నోట్లో ముద్దతోనే అడుగుతోంది, ఏమంటోంది వదిన, ఇంకా ఎన్ని అయ్యాయట. ఫోనులో చిన్న శబ్దం, వాడు గొంతు సవరించుకున్నాడు. తరవాత గొంతు పెంచాడు, వార్డంతా వినపడేలా, మైకు లాక్కున్నవాడిలా పెంచాడు, ఆ గొంతులో నవ్వు కూడా కలిపాడు, ఎక్కడినుంచి తెచ్చాడో.

"అన్నీనటే. ఒక్కటి కూడా మిగల్లేదట. ఇంకొంచెం వేసుకో నువ్వు."